పధ్నాలుగో అభ్యంతరం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దవాళ్ళు. పక్కింటివాళ్ళు ఇల్లు కడుతుంటే ఓర్చుకుని చూడు అని మూడోది కూడా ఎందుకు కలపలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నన్నడిగితే ఆ మొదటి రెండూ దీనికంటే సులువు.

మేముండేది ఇంగ్లండులో, లండనుకి పడమటగా రైల్లో అరగంట దూరంలో ఉన్న ఊళ్ళో. దాని పేరు ‘రీడింగ్’ అని రాసినట్టుంటుంది గానీ ‘రెడింగ్’ అని పలకాలి. వచ్చిన కొత్తలో రాసినట్టే పలికి టిక్కెట్ల కిటికీ దగ్గర నవ్వులపాలయ్యాను లెండి, ఆ కథ ఇంకోసారి. 2009లో ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాం. ఇల్లంటే పూర్తిగా ఇల్లు కాదు, జంట ఇళ్ళలో సగం. కవలపిల్లల్లా రెండిళ్ళూ ఒకే గోడని అంటిపెట్టుకుని ఉంటాయి. గోడకి ఇటు మేము, అటు ఆవిడ.

2023 నవంబరులో ఒక శనివారం పొద్దున్న మావారు తలుపు సందులోంచి పడ్డ ఉత్తరాలు ఏరుకొచ్చి, అందులో ఒకటి నా ముందు పెట్టారు. కౌన్సిలు నుంచి. కౌన్సిలంటే మన మునిసిపాలిటీ లాంటిదే. “మీ పక్కింటివారు తమ ఇంటి వెనకవైపు కింద ఒక గది, పైన ఒక గది కట్టుకుంటామని అర్జీ పెట్టుకున్నారు. ప్లాను చూసుకుని, మీరేమైనా చెప్పదలుచుకుంటే ఇరవై ఒక్క రోజుల్లోగా రాయవచ్చు” అని దాని సారాంశం.

చెప్పొద్దూ, ఆ ఉత్తరం చదవగానే నాకు ముందు కలిగింది కోపం కాదు, గర్వం. పక్కవాళ్ళు ఇల్లు కట్టుకోవాలంటే నన్ను అడుగుతున్నారు! 

ఈ గర్వం ఎందుకో మీకు తెలియాలంటే ఒకసారి విజయవాడ సత్యనారాయణపురంలో మా పుట్టింటికి రావాలి. ఆ ఇంట్లో వంటింటికి ఉన్నది ఒక్కటే కిటికీ, తూర్పువైపు. నాకు పదేళ్ళప్పుడు పక్కింటాయన మేడ వేశారు. మా కిటికీకి జానెడు దూరంలో గోడ లేచింది. ఇటిక మీద ఇటిక పేరుస్తుంటే అమ్మ పొయ్యి దగ్గర కూచుని చూస్తూనే ఉంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. నాన్నగారు “ఎందుకొచ్చిన గొడవలే, పొద్దున్న లేస్తే మొహాలు చూసుకోవాల్సినవాళ్ళం” అని ఊరుకున్నారు. గోడ పూర్తయ్యాక అమ్మ వడ్రంగిని పిలిచి ఆ కిటికీకి రెండు చెక్కలు కొట్టించి, ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, చింతకాయ పచ్చడి జాడీ వరసగా పెట్టుకుంది. ఆనాటినుంచీ పట్టపగలు కూడా లైటు వేసుకునే వంట. జాడీ దించినప్పుడల్లా దాని వెనక పక్కింటి సున్నం గోడ కనిపించేది.

మన దగ్గర నిబంధనలు లేకపోలేదు. చుట్టూ ఇంత జాగా వదలాలి, ఇంత ఎత్తుకు మించకూడదు అని అన్నీ ఉన్నాయి. ప్లాను కాగితం మీద వదిలిన గజం స్థలం ఇల్లు లేచేసరికి ఎటో మాయమవుతుంది, అంతే. 2007 ఆఖర్లో ఉమ్మడి రాష్ట్రంలో బి.పి.ఎస్. అని ఒక పథకం పెట్టి, అతిక్రమించి కట్టినవాళ్ళు జరిమానా కడితే క్రమబద్ధం చేస్తామన్నారు. కట్టినవాళ్ళకీ ప్రభుత్వానికీ లెక్క సరిపోయింది. కిటికీలు మూసుకుపోయిన వాళ్ళకి మాత్రం ఆ లెక్కలో పద్దు లేదు.

ఇక్కడ 1947లో ఒక చట్టం చేశారు. నేల నీదే అయినా, దానిమీద కొత్తగా కట్టాలంటే మాత్రం అనుమతి కావాలి అని. “మనకి స్వాతంత్ర్యం ఇచ్చిన ఏడాదే వీళ్ళ సొంతింటి స్వాతంత్ర్యం పోయిందన్నమాట!” అంటారు మావారు. చిన్నాచితకా పనులకి మినహాయింపు ఉంది. మాలాంటి జంట ఇంటికి వెనకాల మూడు మీటర్లకు మించకుండా ఒక్క అంతస్తు వేసుకుంటే చాలావరకు ఎవర్నీ అడగక్కర్లేదు. పక్కింటావిడ వేసిన ప్లాను అంతకు మించింది. వెనక్కి నాలుగు మీటర్లు, పైగా రెండంతస్తులు, మా సరిహద్దుని ఆనుకుని. అందుకే నాకీ ఉత్తరం.

ఇక ఆవిడ సంగతి చెప్పాలి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. ఒక్కతే ఉంటుంది. మన ఊళ్ళో అయితే “అక్కయ్యగారూ” అని పిలిచేదాన్ని. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలవాలి. ఇన్నేళ్ళయినా ఆ పేరు పలికేటప్పుడు నా నాలుక తడబడుతూనే ఉంటుంది. మీతో చెప్పేటప్పుడు మాత్రం అక్కయ్యగారనే అంటాను, నా ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఆవిడ నన్ను “లవ్” అంటుంది. కంగారుపడకండి, ఇక్కడ కూరగాయలమ్మే ఆయన కూడా అలాగే అంటాడు.

2010 డిసెంబరులో ఇంగ్లండంతా మంచు ముంచెత్తినప్పుడు మావారు ఊళ్ళో లేరు, మా అమ్మాయికి నాలుగేళ్ళు, ఒళ్ళు కాలిపోతున్న జ్వరం. ఆవిడే బూట్లు తొడుక్కుని మోకాటి లోతు మంచులో నడిచి వెళ్ళి మందు తెచ్చిపెట్టింది. మర్నాడు చూస్తే మా గుమ్మం ముందు మంచు తవ్వేసి ఉప్పు చల్లి ఉంది. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరా, ఆవిడది ఒకటి మా దగ్గరా ఉంటాయి.

ఆ ఏడాది దసరా రోజుల్లో ఒకనాడు దడి అవతల నుంచి “వెనకవైపు కాస్త ఏదైనా కట్టుకుందామనుకుంటున్నాను, మమ్ కోసం” అంది. ‘మమ్’ అంటే వాళ్ళమ్మ. నేను బట్టలు ఆరేసుకుంటూ “లవ్లీ!” అన్నాను. ఈ దేశంలో వినీ వినకుండా అనదగిన మాట అది. కాఫీ ఇస్తే లవ్లీ, వాన వస్తే లవ్లీ. ఆ ‘కాస్త’ అన్నది రెండంతస్తులని నాకేం తెలుసు?

ప్లాను కంప్యూటర్లో చూశాం. వెంటనే మావారు తాడూ మేకులూ పట్టుకుని పెరట్లోకి దిగారు. మా పక్కనుంచే నాలుగు మీటర్లు కొలిచి తాడు కట్టారు. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూశాను. మా వంటిల్లు దక్షిణం వైపుంది, పక్కిల్లు మాకు తూర్పున. ఈ దేశంలో డిసెంబరు నెలలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పదిహేను డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. అదే రోజున విజయవాడలో యాభై డిగ్రీలు ఎక్కుతాడు. ఎనిమిదింటికి ఆగ్నేయాన బద్ధకంగా లేచి, నాలుగు కాకముందే వెళ్ళిపోతాడు. ఆ కాస్త ఎండా నా వంటింటి కిటికీలో ఉన్న కరివేపాకు కుండీ మీద పడుతుంది. ఆ మొక్కని మూడు శీతాకాలాలు పసిపిల్లలా సాకాను. ఆ తాడు చూస్తుంటే నాకు తాడు కనిపించలేదు. జాడీల వెనక సున్నం గోడ కనిపించింది.

“రాస్తాను” అన్నాను.

“రాయి, రాయి. అడిగినప్పుడు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే” అన్నారు మావారు. మా నాన్నగారికీ మావారికీ తేడా అదే. ఆయన గొడవంటే పారిపోయేవారు, ఈయన నన్ను ముందుకు తోసి వెనక నిలబడతారు.

ఆ రాత్రి కూచుని పధ్నాలుగు అభ్యంతరాలు రాశాను. ఎండ రాదు. పై కిటికీలోంచి మా పెరడంతా కనిపిస్తుంది. దూరాన కనబడే చర్చి శిఖరం, దాని పక్కన ఓకు చెట్టు ఇక కనబడవు. మా ఇంటి ధర పడిపోతుంది. సుత్తి చప్పుళ్ళు. దుమ్ము. లారీలు. వేసవిలో నాలుగు రోజులు ఎండ కాస్తే పెట్టుకునే వడియాల మీద సిమెంటు పడుతుంది. ఒక్క మనిషికి అంత ఇల్లెందుకు? మాకు ముందుగా సరిగా చెప్పలేదు. ఇలా పదమూడు అయ్యాయి. చివర పధ్నాలుగోది: “మొత్తం మీద ఇది న్యాయం కాదు.”

మా అమ్మాయికి అప్పుడు పదిహేడేళ్ళు. నా ఇంగ్లీషు దిద్దమని ఇస్తే, అది ముందు కౌన్సిలువారి నియమాలు తీసి చదివింది. ఏ అభ్యంతరాలు చెల్లుతాయో, ఏవి చెల్లవో అందులో ఉంటుందట. ఎర్ర కలం తీసుకుని మొదలెట్టింది.

“చర్చి శిఖరం చెల్లదమ్మా. వెలుతురు పోతుందంటే వింటారు గానీ, దృశ్యం పోతుందంటే వినరు.” ఒక గీత. “ఇంటి ధర చెల్లదు.” గీత. “కట్టేటప్పటి చప్పుడూ దుమ్మూ లారీలూ చెల్లవు. అది కొన్నాళ్ళేగా.” ఒకేసారి మూడు గీతలు. “వడియాలు...” అని నా మొహం చూసి నెమ్మదిగా గీసింది. “ఆవిడ ఎలాంటిదన్నదీ, ఎంతమంది ఉంటారన్నదీ మనకనవసరం.” గీత. అలా కొట్టేయగా కొట్టేయగా మిగిలినవి రెండు. వెలుతురు, చాటు. మన ఎండకి అడ్డం రాకూడదు, మన ఇంట్లోకి తొంగిచూడకూడదు. ఇంత పెద్ద ప్రభుత్వం నా వైపున నిలబడి కాపాడేది ఆ రెండింటినేనన్నమాట.

అందులోనూ ఒక మెలిక. వంట మాత్రమే చేసుకునే చిన్న వంటింటిని చాలాచోట్ల మనుషులు నివసించే గదుల లెక్కలో వేసుకోరట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడదాని ఆయుర్దాయంలో సగం గడిచేది అక్కడేగదా, అది నివాసం కాకపోతే మేం అక్కడ చేస్తున్నదేమిటి అని అరిచాను. “మనింట్లో భోజనాల బల్ల కూడా వంటింట్లోనే ఉందిగా, అందుకని మనది లెక్కలోకొస్తుంది, ఊరుకో” అంది పిల్ల. ఆ బల్ల కొన్ననాడు అడ్డంగా ఉందని మావారితో పోట్లాడిన మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

వెలుతురు కొలవడానికీ ఒక పద్ధతుంది. మన కిటికీ మధ్యనుంచి పక్కవాళ్ళ వైపు నలభై ఐదు డిగ్రీల కోణంలో గీత గీస్తే, కొత్త గోడ ఆ గీతని దాటి ముందుకు రాకూడదు. మా అమ్మాయి తన జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తీసి ప్లాను మీద గీసి చూపించింది. కింది గది ఎత్తు తక్కువ కాబట్టి దాంతో అంత బాధ లేదు. పై అంతస్తుతోనే చిక్కు. గీత దాటి రెండు మీటర్లు వస్తోంది. లెక్కల టీచరుకి నమస్కారం పెట్టుకుని అదంతా ఉత్తరంలో రాశాం.

“మరి పధ్నాలుగోదేమిటమ్మా? ఇది న్యాయం కాదని రాశావు. ఏది న్యాయం కాదు?” అని అడిగింది.

జవాబు తట్టలేదు. “అదీ కొట్టెయ్” అన్నాను.

ఉత్తరం పంపించాం. మూడోనాటికి నా అభ్యంతరం, నా పేరుతో, మా ఇంటి నంబరుతో సహా ఎవరైనా చూసుకునేలా కంప్యూటర్లో పెట్టారు. అలా పెడతారని ముందే చెప్పారు గానీ, నేనే పట్టించుకోలేదు. చదివితే నాకే పరాయిగా అనిపించింది. “ప్రతిపాదిత కట్టడము మా నివాసమునకు తీవ్రమైన నష్టము కలిగించును” అన్నట్టుంది ఆ ఇంగ్లీషు. తాళంచెవి చేతిలో పెట్టిన మనిషికి రాసినట్టు ఎక్కడా లేదు.

ఆ మంగళవారం పొద్దున్న చెత్తడబ్బాలు బయట పెడుతుంటే ఆవిడా పెడుతోంది. “మార్నింగ్” అంది. అంతే. వెనక రావలసిన ‘లవ్’ రాలేదు. మన ఊళ్ళో అయితే ఈపాటికి ప్రహరీగోడకి అటూ ఇటూ నిలబడి ఏడు తరాలవాళ్ళనీ తిట్టుకుని, సాయంత్రానికి ఎవరో ఒకరు సర్ది చెప్పి, మర్నాటికి గిన్నెడు కూర అటునుంచి ఇటు వచ్చేది. ఇక్కడ ఒక్క మాట తగ్గిస్తారు. ఆ తగ్గిన మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆదివారం అమ్మకి ఫోను చేశాను. ఎనభై రెండేళ్ళావిడ. అదే ఇంట్లో, పనిమనిషి సాయంతో ఉంటోంది. నాన్నగారు పోయాక ఆ ఇల్లు కదలనంటుంది. నా పరాక్రమమంతా వర్ణించి చెప్పాను. నీ కిటికీకి జరిగింది నా కిటికీకి జరగనివ్వను అన్నాను. అమ్మ సంతోషిస్తుందనుకున్నాను.

“ఏమే, ఆవిడ ఇప్పుడెందుకు కడుతోందిట?” అంది.

“వాళ్ళమ్మని తెచ్చి పెట్టుకుంటుందట.”

“వాళ్ళమ్మకెన్నేళ్ళు?”

“తెలీదు.”

“మెట్లెక్కగలదా?”

“తెలీదమ్మా.”

“ఎన్ని మీటర్లో కొలుచుకున్నావు గానీ...” అని అమ్మ సగంలో ఆపేసింది. తర్వాత పనిమనిషి నాగా పెట్టిన సంగతి చెప్పింది.

ఫోను పెట్టేసి ప్లాను మళ్ళీ తీశాను. ఈసారి అంకెలు కాదు, అక్షరాలు చదివాను. కింది గదిలో ‘పడకగది’ అని ఉంది. దాన్ని ఆనుకుని గడప లేకుండా, చక్రాల కుర్చీతో సహా లోపలికి తీసుకెళ్ళి స్నానం చేయించడానికి వీలుగా స్నానాలగది. పెరట్లోకి మెట్లకి బదులు ఏటవాలు దారి. అన్నీ మొదటిరోజునే నా కళ్ళముందున్నాయి. నాలుగు మీటర్లు అన్న మాట తప్ప నాకేదీ కనబడలేదు.

అప్పుడు తెలిసింది నా పధ్నాలుగో అభ్యంతరం ఏమిటో.

2011లో నేను కూడా అలాంటి గది ఒకటి గీసుకున్నాను. ఇంటిఖర్చులు రాసుకునే పుస్తకం వెనకపేజీలో. వంటింటి వెనక ఒక గది, అందులో అమ్మకి నులక మంచం... నులక మంచం ఇక్కడ దొరకదనుకోండి, అయినా గీశాను. పక్కన దేవుడి గూడు. నాన్నగారు పోయిన మరుసటేడు అది. డబ్బు కూడబెట్టుకుందాం, రెండేళ్ళలో కడదాం అనుకున్నాం. 2012 జూలై 9 నుంచి ఈ దేశంలో నియమాలు మారాయి. ముసలి తల్లిదండ్రుల్ని శాశ్వతంగా తెచ్చుకోవాలంటే, వాళ్ళు తమ పనులు తాము చేసుకోలేని స్థితిలో ఉండాలి. పైగా, ఇక్కణ్ణుంచి డబ్బు పంపినా అక్కడ చూసేవాళ్ళు దొరకరని రుజువు చెయ్యాలి. మనం డబ్బు పంపి మనిషిని పెట్టగలిగితే, ఇక రావలసిన అవసరం లేదన్నమాట. అమ్మకి పనిమనిషి ఉంది. కాబట్టి అమ్మకి కూతురు అక్కర్లేదు. చుట్టపుచూపుగా రమ్మంటే వచ్చి ఆర్నెల్లు ఉండచ్చు. మూడుసార్లు వచ్చింది. ఇప్పుడా విమాన ప్రయాణం చెయ్యలేదు.

గది కట్టుకోవడానికి నాకు ఏ కౌన్సిలూ అడ్డం చెప్పలేదు. ఆ గదిలో ఉండవలసిన మనిషి రావడానికే దారి లేదు. గోడకి అటువైపు ఆవిడ మాత్రం వాళ్ళమ్మని కార్లో కూచోబెట్టుకుని రెండు గంటల్లో తెచ్చేసుకుంటుంది. ఇది న్యాయం కాదు. నిజమే, కాదు. కానీ ఆవిడేం చేసింది?

మా అమ్మాయిని అడిగాను, తల్లి కోసం కడుతున్నానంటే కౌన్సిలువారు వింటారా అని. అలాంటి సొంత కారణాలకి సాధారణంగా పెద్ద విలువ ఇవ్వరట. మనుషులు మారతారు, కట్టడం ఉండిపోతుంది గనక. అంటే ఆవిడ తల్లి సంగతీ ఆ కాగితంలో లెక్కకి రాదు, మా అమ్మ సంగతీ రాదు. మా ఇద్దరి అసలు మాటలూ ఆ అర్జీకి బయటే ఉండిపోయాయి.

సాయంత్రం ఆవిడ తలుపు తట్టాను. పులిహోర పట్టుకెళ్దామా అనుకుని, లంచంలా ఉంటుందని ఉత్త చేతులతోనే వెళ్ళాను.

“రాసేముందు ఒకసారి తలుపు తట్టచ్చుగా” అంది ఆవిడ.

“మీరూ ప్లాను ఇచ్చేముందు తట్టచ్చుగా” అన్నాను.

కాసేపు ఇద్దరం గుమ్మంలో అలాగే నిలబడ్డాం. తర్వాత కెటిల్ ఆన్ చేసింది. ఇక్కడి రాజీలన్నీ వేణ్ణీళ్ళు కాగడంతోనే మొదలవుతాయి.

వాళ్ళమ్మకి ఎనభై తొమ్మిదేళ్ళు. ఏడాదిలో రెండుసార్లు పడిందట. నన్ను అడగలేదా అంటే, “అడిగాను, నువ్వు లవ్లీ అన్నావు” అంది. ఏం చెప్పను? మా అమ్మ సంగతి చెప్పాను. పుస్తకం వెనకపేజీ సంగతీ, పధ్నాలుగో అభ్యంతరం సంగతీ చెప్పాను. చెబుతుంటే కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఆవిడ నర్సు కదా, ఏమీ మాట్లాడకుండా చెయ్యి పట్టుకోవడం తెలుసు.

“అయితే ఎండ సంగతి అబద్ధమా?” అని అడిగింది చివర.

“లేదు, అది నిజమే” అన్నాను. అసూయ ఉందని ఒప్పుకున్నంత మాత్రాన ఎండ పోదని కాదుగా!

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆవిణ్ణి మా వంటింటికి పిలిచి, కిటికీ దగ్గర కూచోబెట్టాను. ఇన్నేళ్ళలో ఆవిడ మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, అయినా ఆ కుర్చీలో, ఆ వేళప్పుడు ఎప్పుడూ కూచోలేదు. కరివేపాకు కుండీ మీదుగా ఎండ బల్లమీదకి జారుతోంది. మావారి తాడు ఇంకా పెరట్లో అలాగే ఉంది. ఆవిడ ఎండనీ తాడునీ మార్చి మార్చి చూసింది. “మమ్‌కి కావలసింది కింది గది. పై గది ఎలాగూ కడుతున్నాం కదా అని ప్లాను గీసినాయన కలిపాడు” అంది.

వారం తిరక్కుండా ప్లాను మారింది. కింది గది ముందు గీసినట్టే నాలుగు మీటర్లు. పై గది రెండు మీటర్లకి తగ్గి, మా సరిహద్దు నుంచి ఒక మీటరు అవతలికి జరిగింది. మా అమ్మాయి మళ్ళీ కోణమానిని పెట్టి చూసింది, గీత దాటలేదు. నేను రెండో ఉత్తరం రాశాను: మారిన ప్లానుకి నాకు అభ్యంతరం లేదు అని. అది కూడా నా పేరుతో కంప్యూటర్లో పెట్టారు. మొదటి ఉత్తరం కింద రెండోది. ఎవరైనా చదివితే ఈవిడకి నిలకడ లేదనుకుంటారు. అనుకోనివ్వండి. జనవరిలో అనుమతి వచ్చింది, పక్కవైపు కిటికీకి మసక అద్దం పెట్టాలన్న షరతుతో.

తర్వాత ఆర్నెల్లు సుత్తి చప్పుళ్ళూ దుమ్మూ భరించాం. ఆ ఏడు వడియాలు పెట్టలేదు. నేను కొట్టివేయించుకున్న అభ్యంతరాలన్నీ ఒక్కొక్కటే నిజమయ్యాయి. ఆ సంగతి అప్పుడప్పుడూ పైకి అంటూనే ఉన్నాను, నేనేం దేవతను కాను.

పెద్దావిడ 2024 సెప్టెంబరులో వచ్చింది. ఇప్పుడు డిసెంబరులో ఎనిమిదింటికి లేచిన సూర్యుడు మా వంటింటి కిటికీలోకి పది దాటాక గానీ రాడు. ఆ రెండు గంటలూ పోయాయి, పోలేదని అనను. కరివేపాకు కుండీని పై గదిలోకి మార్చాను. వంటలోకి రెబ్బ కావాలంటే మెట్లెక్కి వెళ్ళాలి. ఎండ వచ్చిన రోజున పెద్దావిణ్ణి చక్రాల కుర్చీలో ఆ ఏటవాలు దారి మీదుగా పెరట్లోకి తీసుకొస్తారు. దడి మీదుగా నన్ను చూసి చెయ్యి ఊపుతుంది. పేరు గుర్తుండదు, ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది. నేను ప్రతిసారీ చెబుతాను.

ఒకసారి ఫోనులో అమ్మకి ఆవిణ్ణి చూపించాను. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకుని తలలూపుకున్నారు. అప్పట్నుంచీ ఆదివారం నాడు ఫోను చేస్తే అమ్మ నా ఒంట్లో ఎలా ఉందని తర్వాత అడుగుతుంది.

“ఏమే, ఆ పెద్దావిణ్ణి ఇవాళ ఎండలోకి తీసుకొచ్చారా?” అని ముందు అడుగుతుంది.